ఇసుక మీద గోల్ఫు – చెప్పేవాళ్ళూ, వినేవాళ్ళూ

సౌదీలో ఉద్యోగమని ఊళ్ళో చెబితే జీతమెంతని అడుగుతారు, ఎండెంతని అడుగుతారు. సెలవు రోజున గోల్ఫు ఆడతామని చెబితే మాత్రం ఎవరూ ఏమీ అడగరు, నవ్వుతారు. ఎడారేమిటి, గోల్ఫేమిటి అని! నిజానికి ఈ దేశంలో ఈ ఆట నిన్న మొన్నటిది కాదు. దహ్రాన్‌లో అరామ్‌కో ఉద్యోగులు ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికే ఇసుకలో గోల్ఫు ఆడేవారు. గడ్డి లేకపోతేనేం, ఇసుకకి నూనె పట్టించి, రోలరుతో అణిచి, నున్నగా చేసి, దాని మధ్య గుంట పెట్టుకున్నారు. లోకమంతా 'గ్రీన్' అనే చోటికి ఇక్కడ పేరు 'బ్రౌన్'. దాని మీద ఆడినవాళ్ళు తమ అడుగుల జాడలు చెరిపి, వెనక వచ్చేవాళ్ళ కోసం చదును చేసి మరీ కదలాలి. మన అమ్మలు పొద్దున్నే వాకిలి ఊడ్చినట్టన్నమాట! ఇక దారి పొడవునా ఇసుకే కాబట్టి ప్రతి ఆటగాడి చేతిలో ప్లాస్టిక్ గడ్డి చాప చిన్నది ఒకటి ఉంటుంది. బంతి ఆగిన చోట చాప పరచి, దాని మీద బంతి పెట్టి కొట్టాలి.

తర్వాత గడ్డి కోర్సులూ వచ్చాయి. రియాద్ శివార్లలో దిరాబ్, ఎర్రసముద్రం ఒడ్డున కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీలో రాయల్ గ్రీన్స్. 2019లో సౌదీ ఇంటర్నేషనల్ పోటీ రాయల్ గ్రీన్స్‌లో మొదలై డస్టిన్ జాన్సన్ గెలిచాడు. 2020 నవంబరులో మహిళల వృత్తి పోటీ కూడా అక్కడే జరిగింది. అప్పటినుంచీ మనవాళ్ళలో ఈ ఆట మీద కుతూహలం బాగా పెరిగింది. మా తూర్పు ప్రాంతంలో నేనాడేది మాత్రం ఇప్పటికీ ఇసుక కోర్సే. నవ్వేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఒకటుంది. 1971లో అలన్ షెపర్డ్ చంద్రుడి మీద దుమ్ములో నిలబడి, ఆరో నంబరు ఐరన్‌తో గోల్ఫు బంతి కొట్టి వచ్చాడు. చంద్రుడి మీద లేని తప్పు జుబైల్లో వచ్చిందా?

మా బృందం నలుగురం. ఇద్దరం ఇంజనీర్లం, ఒకరు బ్యాంకు ఉద్యోగి, నాలుగోవారు ఎముకల డాక్టరు గారు. నలభై దాటాక క్రికెట్టుకి మోకాళ్ళు ఒప్పుకోవు, నడకకి మనసు ఒప్పుకోదు. రక్తంలో చక్కెర కాగితం మీద కనిపించిన రోజున డాక్టరు గారే మమ్మల్ని లాక్కెళ్ళి ఈ ఆటలో పెట్టారు. ఎనిమిదేళ్ళు ఆయన చెబితే మేం విన్నాం. పోయిన ఏడాది ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద ఇండియా వెళ్ళిపోయారు. గల్ఫులో ఉన్నవాళ్ళకి ఆ రెండు మాటల బరువు నేను వివరించక్కరలేదు. ఇక్కడ ప్రతి స్నేహానికీ ఇఖామాలాగే ఒక గడువుంటుంది.

మరి నేర్పిన మనిషి వెళ్ళిపోయాక నేర్చుకున్నది నిలుస్తుందా? ఏ క్లబ్బులు కొనాలి, ఏ బూట్లు మంచివి అన్న సంగతులు ఇక్కడ రాయబోవడం లేదు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళు గోల్ఫులో ఉన్నంతమంది ఇంకే ఆటలోనూ ఉండరు. మన స్వింగు గురించి మనకి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి – ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసం. నేను వృత్తిరీత్యా కంట్రోల్ ఇంజనీరుని. పొద్దున్న లేస్తే ఫీడ్‌బ్యాకుతోనే నా కాపురం. అందుకే ఈ మాత్రం సాహసం.

పావు సెకను వ్యవహారం

ప్లాంటులో ఒక ట్యాంకు మట్టం తగ్గిందనుకోండి, కంట్రోలరు గమనించి వాల్వు కొంచెం తెరుస్తుంది, మళ్ళీ చూస్తుంది, మళ్ళీ సర్దుతుంది. కారు నడిపేటప్పుడు స్టీరింగు మీద మన చేతులు చేసే పనీ అదే. గోల్ఫు స్వింగు అలాంటిది కాదు. పైకెత్తిన క్లబ్బు కిందికి దిగి బంతిని తాకడానికి పట్టేది పావు సెకను, లేదా అంతకి ఓ పిసరు ఎక్కువ. కంటితో చూసిన దానికి మన శరీరం స్పందించాలంటేనే దాదాపు 0.2 సెకన్లు కావాలి. అంటే క్లబ్బు దారి తప్పిందని మెదడుకి తెలిసి, చేతికి కబురు వెళ్ళేసరికి బంతి ఎగిరిపోయి ఉంటుంది. క్లబ్బూ బంతీ కలిసి ఉండేదైతే సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. అది వదిలిన బాణం. మధ్యలో సర్దడానికి లేదు. ఏం తెలుసుకున్నా కొట్టాక తెలుసుకుని, తర్వాతి దెబ్బలో వాడుకోవలసిందే.

పైగా ఈ ఆట క్షమించే కొలతలు చాలా చిన్నవి. 200 మీటర్ల దూరం కొట్టినప్పుడు దిశలో ఒక్క డిగ్రీ తేడా వస్తే బంతి మూడున్నర మీటర్లు పక్కకి పోతుంది. సామాన్య ఆటగాడి డ్రైవరు కొస గంటకి 140, 150 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ వేగంలో ఒక డిగ్రీ తేడాని చేతికి తెలిసేలా పట్టుకోవడం ఎవరి తరం? కాబట్టి 'నాకు ఇలా అనిపించింది' అన్న మాటకి ఇక్కడ విలువ తక్కువ. అనిపించింది వేరు, జరిగింది వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని చూపించేదే మంచి ఫీడ్‌బ్యాకు.

గుర్తు తిరగబడితే

కొత్తవాళ్ళందరినీ పీడించే జబ్బు స్లైస్. కుడిచేతి వాటం వాళ్ళకి బంతి నేరుగానో, కాస్త ఎడమగానో బయలుదేరి, గాలిలో కుడివైపుకి అరటికాయలా వంపు తిరిగి పోతుంది. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడి, పెద్దయ్యాక క్రికెట్టు ఆడిన మన చేతులకి కదిలే బంతిని కంటితో వెంబడించి కొట్టడం అలవాటు. కదలకుండా కూర్చున్న ఈ తెల్లబంతి ముందు ఆ విద్య పనికిరాదు. భుజాలు ముందు తిరుగుతాయి, క్లబ్బు బయటినుంచి లోపలికి అడ్డంగా కోసుకుంటూ వస్తుంది.

ఇక్కడి లెక్క ఇలా ఉంటుంది. తాకే క్షణాన క్లబ్బు ముఖం ఎటు చూస్తే బంతి ఇంచుమించు అటే బయలుదేరుతుంది. ముఖం చూసే దిశకీ, క్లబ్బు ప్రయాణించే దారికీ తేడా ఉంటే ఆ తేడాని బట్టి బంతి వంపు తిరుగుతుంది. దారి ఎడమకి పోతూ, ముఖం దానికన్నా కుడికి చూస్తే, వంపు కుడికి. క్లబ్బు దారే బంతి బయలుదేరే దిశని నిర్ణయిస్తుందని చాలాకాలం నేర్పేవారు. రాడారుతో కొలిచే యంత్రాలు వాడుకలోకి వచ్చాక ఆ పాఠం మారింది.

మరి బంతి కుడికి పోతుంటే మనిషి ఏం చేస్తాడు? సహజంగానే ఎడమకి తిరిగి నిలబడి, ఇంకా ఎడమకి లాగి కొడతాడు. దాంతో దారికీ ముఖానికీ మధ్య తేడా పెరుగుతుంది, వంపు ఇంకా ఎక్కువవుతుంది. అది చూసి మరింత ఎడమకి లాగుతాడు. మా ప్లాంటు భాషలో దీన్ని సైను తిరగబడడం అంటాం. కొత్త కంట్రోల్ లూపు నడిపించేముందు మేం మొట్టమొదట చూసేది కంట్రోలరు ఏ దిశలో పని చేస్తుందన్నదే. మట్టం పెరిగినప్పుడు మూయాల్సిన వాల్వుని తెరిచేలా అమరిస్తే, ట్యాంకు పొంగిపోయేదాకా అది ఎంతో శ్రద్ధగా తెరుస్తూనే ఉంటుంది. శ్రద్ధకి లోటు లేదు, దిశకే లోటు. నెలల తరబడి డ్రైవింగ్ రేంజిలో బుట్టలు బుట్టలు బంతులు కొట్టినా స్లైస్ వదలకపోవడానికి కారణం ఇదే. చూసినది నిజమే, దానికి ఇచ్చుకున్న మందు వికటించింది.

నలుగురు సాక్షులు

డాక్టరు గారికి ఒక సిద్ధాంతం ఉండేది. రోగి చెప్పింది వినాలి, కానీ ఎక్స్‌రే కూడా చూడాలి అని. గోల్ఫులో మనకి దొరికే ఎక్స్‌రేలు నాలుగు.

మొదటిది బంతి. ఎటు బయలుదేరింది, ఎటు తిరిగింది – ఈ రెంటినీ విడివిడిగా గమనించాలి. చివరికి ఎక్కడ పడిందన్నది ఒక్కటే చూస్తే సగం సాక్ష్యం పోయినట్టే.

రెండోది క్లబ్బు ముఖం. కాస్త పౌడరు అద్ది కొడితే బంతి తగిలిన చోట గుండ్రటి మచ్చ పడుతుంది. ఇది లేకుండా బంతి సాక్ష్యాన్ని పూర్తిగా నమ్మకూడదు. డ్రైవరులాంటి పెద్ద తల ఉన్న క్లబ్బుతో కొస దగ్గర తగిలితే, దెబ్బకి తల మెలితిరిగి బంతి ఎడమకి వంపు తిరిగే అవకాశముంది. స్వింగులో ఏ మార్పూ లేకుండానే స్లైస్ నయమైనట్టు కనిపిస్తుంది!

మూడోది మన ఇసుక. గడ్డి కోర్సుల వాళ్ళకి లేని భాగ్యమిది. మనం పరిచే చాప మొహమాటస్థురాలు. క్లబ్బు బంతికి రెండంగుళాలు వెనక పడినా, చాప మీద జారి వచ్చి బంతిని తాకుతుంది, దెబ్బ బాగానే ఉన్నట్టుంటుంది. ఇసుకకి ఆ మొహమాటం లేదు. చాప తీసేసి, బంతి లేకుండా, ఇసుకలో వేలితో ఒక అడ్డగీత గీసి ఐరన్‌తో స్వింగు చేసి చూడండి. క్లబ్బు నేలని తాకిన గుర్తు గీత దగ్గరో, గీతకి లక్ష్యం వైపునో మొదలవ్వాలి. గీతకి ముందే మొదలైతే, చాప ఇన్నాళ్ళూ మనల్ని ముద్దు చేసిందన్నమాట. ఆ గుర్తు ఎటు వాలి ఉందో చూస్తే క్లబ్బు వచ్చిన దారి కూడా తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

నాలుగోది కెమెరా. ఇప్పుడు చాలా ఫోన్లలో సెకనుకి 240 బొమ్మలు తీసే సదుపాయముంది. పావు సెకను స్వింగుకి 60 బొమ్మలు వస్తాయి. మామూలు వీడియోలో అయితే ఏడో ఎనిమిదో. కాకపోతే కెమెరాని ఎలాపడితే అలా పెడితే అదీ అబద్ధమాడుతుంది. చేతుల ఎత్తున, లక్ష్యం గీతకి సమాంతరంగా, వెనకనుంచి ఒకటి, ఛాతీకి ఎదురుగా ఒకటి తీయాలి. ప్రతిసారీ అదే చోట నుంచి తీయాలి. కెమెరా ఓ అడుగు పక్కకి జరిగితే బాగున్న స్వింగు కూడా వంకరగా కనిపిస్తుంది. బంతిని తాకే క్షణం మాత్రం ఈ 240లో కూడా రెండు బొమ్మల మధ్య జారిపోవచ్చు. ఆ విషయం పౌడరుని అడగాలి.

ఎంత చెబితే ఎక్కువ?

సాక్షులు దొరికారు. ఇక సలహాదారులు. ఇందులో మనకి కొరత లేదు. నలుగురు తెలుగువాళ్ళు చేరితే సలహాలు ఐదుంటాయి. తల ఎత్తకు, మోచెయ్యి వంచకు, మణికట్టు తిప్పకు, బరువు ఎడమకాలి మీదకి తీసుకో, ఊపిరి బిగబట్టకు. ఇన్ని చెవిలో పడ్డాక పావు సెకనులో ఆ మనిషి ఏం కొడతాడు, ఏం గుర్తుంచుకుంటాడు? చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు.

కంట్రోలరుకి గెయిన్ మరీ ఎక్కువ పెడితే, ప్రతి చిన్న తేడాకీ పెద్దగా స్పందించి, వాల్వుని అటూ ఇటూ కొట్టిస్తూ లూపు ఊగిసలాటలో పడుతుంది. మనుషుల విషయంలోనూ పరిశోధకులు ఇలాంటిదే గమనించారు. 1990లో విన్‌స్టైన్, ష్మిట్ అనే ఇద్దరు, చేత్తో లీవరు కదిపే ఒక పనిని కొందరికి నేర్పారు. ఒక వర్గానికి ప్రతి ప్రయత్నం తర్వాతా ఫలితం చెప్పారు. రెండో వర్గానికి సగం సార్లే చెప్పారు, అదీ క్రమంగా తగ్గిస్తూ. నేర్చుకునేటప్పుడు ఇద్దరూ ఒకేలా ఉన్నారు. మర్నాడు ఏమీ చెప్పకుండా పరీక్ష పెడితే, తక్కువ విన్నవాళ్ళే ముందున్నారు. ప్రతిసారీ చెబుతుంటే ఆ చెప్పడం చేతికర్ర అయిపోతుంది. కర్ర తీసేస్తే కాలు తడబడుతుంది.

మన ఆట మీదే జరిగిన పరిశోధనలు కూడా ఉన్నాయి. 1999లో గాబ్రియేలె వుల్ఫ్, ఆమె సహచరులు కొత్తగా గోల్ఫు నేర్చుకునేవాళ్ళని రెండు వర్గాలు చేశారు. ఒకరిని తమ చేతుల కదలిక మీద, ఇంకొకరిని క్లబ్బు కదలిక మీద దృష్టి పెట్టమన్నారు. క్లబ్బు మీద దృష్టి పెట్టినవాళ్ళ గురి మెరుగ్గా ఉంది, ఆ తేడా మర్నాడూ నిలిచింది. 2002లో గ్వాడాన్యోలీ బృందం 30 మంది ఆటగాళ్ళకి, మనలాగే ప్లాస్టిక్ గడ్డి చాప మీద, ఏడో నంబరు ఐరన్‌తో పరీక్ష పెట్టింది. ఒక వర్గం వీడియో చూసుకుంటూ, ఒక వర్గం శిక్షకుడి మాట వింటూ, ఒక వర్గం తమంతట తామే సాధన చేశారు. వీడియో చూసుకున్న వాళ్ళ పైచేయి తేటతెల్లమైంది శిక్షణ ముగిసిన వెంటనే కాదు, రెండు వారాల తర్వాత పెట్టిన పరీక్షలో. కాబట్టి వీడియో చూసిన సాయంత్రమే ఆట బాగుపడలేదని ఎవరూ దిగులు పడనక్కరలేదు. విత్తనం వేసిన రోజే కాయ అడగకూడదు కదా.

డాక్టరు గారి పద్ధతి

డాక్టరు గారు ఈ పరిశోధనలు చదివి నేర్పారో, ఇరవై ఏళ్ళు కుర్ర డాక్టర్లకి శస్త్రచికిత్స నేర్పిన అనుభవంతో నేర్పారో నాకు తెలియదు గానీ, ఆయన పద్ధతి అచ్చం ఇలాగే ఉండేది. ఐదు బంతులు కొట్టేదాకా నోరు విప్పేవారు కాదు. ఆరో బంతికి ముందు ఒక ప్రశ్న వేసేవారు: "ఎక్కడ తగిలిందంటారు?" ముందు మనం ఊహించి చెప్పాలి, తర్వాతే క్లబ్బు తిప్పి పౌడరు మచ్చ చూడాలి. మొదట్లో మా ఊహకీ మచ్చకీ చుట్టరికమే ఉండేది కాదు. మెల్లమెల్లగా రెండూ దగ్గరికి వచ్చాయి. ఆ దగ్గరికి రావడమే అసలు చదువని తర్వాత అర్థమైంది.

మనిషి ఒంట్లోని ప్రతి ఎముక పేరూ తెలిసిన ఆయన, కోర్సులో ఒక్క ఎముక పేరూ ఎత్తలేదు. "బకెట్టుతో నీళ్ళు తీసుకుని వాకిట్లో కుడి మూలకి చల్లినట్టు కొట్టండి" అనేవారు. అంతే. స్లైస్ కొట్టేవాడి క్లబ్బు దారి ఆ ఒక్క మాటతో మారేది. ఒక నెలకి ఒకటే మాట. వీడియో రెండు వారాలకొకసారి. పక్కవాళ్ళెవరైనా సలహా ఇవ్వబోతే, "ఆయన అడిగారా?" అనేవారు నవ్వుతూ. మాలో ఎక్కువ మాట్లాడే బ్యాంకు మిత్రుడు కూడా ఏడాదిలో ఆ మర్యాద నేర్చుకున్నాడు. ఇది మా బృందం సాధించిన అతి పెద్ద విజయమని మా ఆవిడ అంటుంది.

ఆయన వెళ్ళిపోయాక రెండు మూడు శనివారాలు కోర్సు బోసిపోయింది. 2013లో వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మారిన దగ్గర్నుంచీ శనివారం తెల్లవారుజామే మన ఆటవేళ. ముగ్గురం వెళ్ళేవాళ్ళం, ఐదు బంతులు కొట్టేవాళ్ళం, ఆరో బంతికి ముందు అలవాటుగా వెనక్కి తిరిగేవాళ్ళం. ప్రశ్న వేసే మనిషి లేడు. కాని ప్రశ్న మిగిలే ఉంది. ఎవరికి వారే ఊహించుకుని క్లబ్బు తిప్పి చూసుకుంటున్నాం. ఇసుకలో గీత గీసుకుంటున్నాం. ఆట తగ్గలేదు సరికదా, నా లెక్క పుస్తకం ప్రకారం ఈ చలికాలంలో మూడు నాలుగు దెబ్బలు మెరుగైంది కూడా. ఒకసారి ఉండబట్టలేక విశాఖపట్నంలో ఉన్న ఆయనకి నా వీడియో పంపించాను. సముద్రపు గాలిలో ఈస్ట్ పాయింట్ కోర్సులో ఆడుకుంటున్న మనిషి గంటలో జవాబిచ్చారు: "ఇసుక ఏమంటోంది?"

ఇది ఒక్క గోల్ఫు సంగతేనా అని ఈ మధ్య అనిపిస్తోంది. మన పిల్లలు మన దగ్గరుండేది పన్నెండో తరగతి దాకా. తర్వాత ఇండియాకో, ఇంకో దేశానికో వెళ్ళిపోతారు. అది వాళ్ళ ఫైనల్ ఎగ్జిట్. పక్కన కూర్చుని ప్రతి లైనుకీ "అలా కాదు, ఇలా" అంటే ఈ రాత్రి హోమ్‌వర్కు శుభ్రంగా ఉంటుంది. వాడు హాస్టలు గదిలో ఒంటరిగా కూర్చున్న రోజున ఆ "అలా కాదు" అనేవాళ్ళెవరు? ఐదు లెక్కలు చేసేదాకా ఆగి, "నీకేమనిపిస్తోంది?" అని అడగడం తండ్రికి కష్టమే. ఊరుకోవడం కన్నా చెప్పడం ఎప్పుడూ తేలిక.

ఉగాది వెళితే మనకి మిగిలేది నెలా, నెలన్నర. తర్వాత 45 డిగ్రీల ఎండ, షమాల్ గాలి, ఇంట్లో ఏసీ. ఈలోగా ఆసక్తి ఉన్నవాళ్ళు ఒక శనివారం మాతో రండి. క్లబ్బులు కొనక్కరలేదు, అరువిస్తాం. నా దగ్గర పాత చాప ఒకటుంది, ఇంట్లో పౌడరు డబ్బా ఎలాగూ ఉంటుంది. సలహాలు మాత్రం ఇవ్వం, మీరు అడిగితే తప్ప!

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.